ఆకులన్నీ రాలిన డెండ్రోబియం మళ్లీ పూస్తుందా? మా డాబా మీద జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ: విజయవాడ పటమటలో ఉంటున్నారు, రెండేళ్ల కిందట గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన ఊదారంగు డెండ్రోబియం (ఒక రకం ఆర్కిడ్ మొక్క) ఒక్కసారి పూసి ఆగిపోయింది, ఈ వేసవిలో ఆకులన్నీ రాలి నాలుగు కర్రలు మిగిలాయి, పారేయాలా ఉంచాలా అని. దయచేసి పారేయకండి. అచ్చం అలాంటి మొక్కనే నేను గుంటూరులో మా డాబా మీద బతికించుకున్నాను. పదిహేను నెలలు పట్టింది, కానీ పూసింది.

మా పక్కింటి పిన్నిగారు హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ మూడు డెండ్రోబియం కుండీలు నాకు అప్పగించారు. అప్పటికి నాకు మల్లె, మందారం, కనకాంబరం తప్ప ఏమీ తెలియదు. వాటికి పోసినట్టే వీటికీ రోజూ సాయంత్రం చెంబెడు నీళ్లు పోశాను. ఒక నర్సరీలో అడిగితే ఎర్రమట్టిలో వర్మీ కంపోస్టు కలిపి నాటమన్నారు, అలాగే చేశాను. మే నెల వచ్చేసరికి ఆకులు పసుపుపచ్చగా మారి ఒక్కొక్కటే రాలాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఎండకే ఇలా అయ్యాయనుకుని నీళ్లు ఇంకా పెంచాను. వాటిని దెబ్బతీసింది ఎండ కాదు, ఆ నీళ్లే.

జూన్‌లో నాలుగు వానలు పడ్డాక ఒక కుండీ బోర్లించి చూశాను. మట్టి ముద్దలా వచ్చింది, మురుగు వాసన. ఒక వేరు పట్టుకుని మెల్లగా లాగితే పైతొక్క మొత్తం జారిపోయి, లోపలి సన్నటి దారం మాత్రం చేతిలో మిగిలింది. కుళ్లిన వేరంటే అదే. అలాంటివి తీసేస్తూ పోతే మొక్కకు మూడంటే మూడు వేళ్లు మిగిలాయి. తెల్లగా, నొక్కితే గట్టిగా ఉన్నాయి. వాటి మీద నీళ్లు చిలకరించగానే కళ్లముందే తెలుపు పోయి ఆకుపచ్చగా మారాయి. ఇది బతుకుతుందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

ఆ తెల్లటి పైపొర స్పాంజి లాంటిది. నీటిని చటుక్కున పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరాలి. డెండ్రోబియాలు అడవిలో చెట్టు బెరడు పట్టుకుని గాలిలో పెరిగేవి, మట్టిలో పెడితే వాటికి ఊపిరాడదు. మా అమ్మ చూసి "ఇది బదనికా, చెట్టు రసం తాగేస్తుందా" అని అడిగింది. అలా తాగదు. కొమ్మను ఆనుకుని ఉంటుందంతే, తన నీళ్లు, తిండి వానలోంచీ బెరడు మీద చేరిన చెత్తలోంచీ తనే తీసుకుంటుంది.

మీరూ ముందు కుండీ విప్పి చూడండి. కత్తెర మొనలు నిప్పు మీద కాల్చి, కుళ్లిన వేళ్లు మాత్రమే తీసేయండి. నేను ఆ తర్వాత మొక్కను సాఫ్ అనే బూజు తెగుళ్ల మందు లీటరుకు 2 గ్రాములు కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి (చేతికి గ్లవ్స్ వేసుకోండి), ఒక రాత్రంతా నీడలో ఆరబెట్టాను. పక్కలకు చిల్లులున్న చిన్న మట్టి కుండీ తీసుకుని, ఇస్త్రీ బండి అతన్ని అడిగి తెచ్చుకున్న బొగ్గు, పగిలిన పెంకు ముక్కలు నింపాను. కొబ్బరి పీచు గుప్పెడు చాలు, ఎక్కువైతే మన శ్రావణ భాద్రపదాల్లో తడి ఆరదు. కుండీ పెద్దది వద్దు. మొక్క కదలకుండా పుల్లకు కట్టండి, కదిలితే కొత్త వేళ్లు బొగ్గును పట్టుకోలేవు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను: ఆకుల్లేవని ఆ కర్రలు కోయకండి. మొక్క నీరూ ఆహారమూ దాచుకునేది వాటిలోనే. ముడతలు పడినా ఆకుపచ్చగా గట్టిగా ఉన్న కర్ర బతికున్నట్టే, దాని కొస నుంచి ఒక్కోసారి పూలు కూడా వస్తాయి. గోధుమరంగుకు తిరిగి లోపల బోలుగా అయితేనే తీసేయాలి. నేను తెలియక ఇంకో కుండీలోని మొక్కకు రెండు మంచి కర్రలు కోసేశాను, అది కోలుకోలేదు. ఇప్పటికీ బాధే.

నీళ్లు పొద్దున పూటే పోయండి. వేసవిలో బొగ్గులోని తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి రోజూ, వానాకాలంలో వేళ్లు మళ్లీ తెల్లబడినప్పుడే. మా బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, కుండీ అంచున తెల్లటి పొర కట్టేది. అందుకని వాన నీళ్లు బకెట్లలో పట్టి దాచుకుంటాను. ఆర్వో మెషిన్ నుంచి వదిలేసే నీళ్లు పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

మొదటి కొత్త పిలక జూలై చివర్లో కనిపించింది, పెసర మొలకంత. దాని మొదట్లో కొత్త వేళ్లు దిగాకే ఎరువు మొదలుపెట్టాను. ఎరువుల కొట్టులో నైంటీన్ ఆల్ అంటే ఇస్తారు, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19. లీటరుకు 1 గ్రాము, వారానికోసారి, వేళ్లను ముందు ఉత్త నీళ్లతో తడిపాక. పూలు తెప్పిస్తాయని అమ్మే మందుల మీద నాకు గురి లేదు. కర్ర బాగా ముదిరి, వెలుతురు చాలితే డెండ్రోబియం పూస్తుంది, ఆ రెండూ లేకపోతే ఏ మందూ పూయించలేదు.

వెలుతురు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. పూలు చూడాలని హాల్లో పెట్టుకుంటారు. ఆకు ముదురు ఆకుపచ్చగా, చూడ్డానికి ఎంతో బాగుంటుంది కానీ పూత ఉండదు. మేము తూర్పు వైపు పిట్టగోడ దగ్గర, తొమ్మిదిన్నర దాకా ఎండ తగిలేలా వేలాడదీశాం. ఆ తర్వాత 50 శాతం గ్రీన్ నెట్ నీడ. ఏప్రిల్, మే నెలల్లో రెండో పొర కూడా వేస్తాను. ఆకు లేత ఆకుపచ్చలో ఉంటే సరిపోయినట్టు, పసుపుపచ్చకు తిరిగితే ఎండ ఎక్కువైనట్టు.

మరుసటి సెప్టెంబరులో, వినాయక చవితి హడావిడిలో ఉండగా, కొత్త కర్ర కొసన ఆకుల మధ్య చిన్న పచ్చటి ముక్కు కనిపించింది. ఇంకో పిలకేమో అనుకున్నాను, వారానికి మొగ్గలు విడివిడిగా తేలాయి. తొమ్మిది. అప్పటి నుంచి కుండీని అక్కడి నుంచి కదపలేదు, చోటు మారితే మొగ్గలు రాలతాయి. మొదటి పువ్వు విచ్చుకున్న రోజు పిన్నిగారికి వీడియో కాల్ చేసి చూపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

కింద కామెంట్లలో ఇంకొకరు ఫెలనాప్సిస్ అనే మరో రకం ఆర్కిడ్ గురించి అడిగారు. దానికి ఎండ తక్కువ చాలు, కానీ పూల కాడ రావాలంటే కొన్ని వారాలు రాత్రుళ్లు చల్లబడాలి. విజయవాడలో ఆ చల్లదనం డిసెంబరు, జనవరిలోనే దొరుకుతుంది, అప్పుడు కిటికీ దగ్గరకు మార్చండి. ఆకుల మధ్య గుంటలో మాత్రం నీళ్లు నిలవనీయకండి, మొక్క నడిబొడ్డు నుంచే కుళ్లిపోతుంది.

మీరు కుండీ విప్పాక వేళ్లు, కర్రలు కనిపించేలా ఫొటో పెట్టండి. ఏవి తీయాలో ఏవి ఉంచాలో చూసి చెప్తాను. అప్పటిదాకా నీళ్లు ఆపేయండి.