పొద్దున్నే మొరాయించే తారు పంపు

ప్రశ్న: రోడ్డు కోసం కంకర, తారు కలిపే మా హాట్ మిక్స్ ప్లాంటులో తారుకి కొత్తగా జాకెట్ (వేడి నూనె తిరిగే బయటి తొడుగు) ఉన్న గేర్ పంపు బిగించాం సార్. పొద్దున స్విచ్ వేస్తే మోటారు మూలిగి ట్రిప్ అవుతోంది, పోయిన వారం మోటారుని పంపుకి కలిపే కప్లింగ్ రబ్బరు కూడా తెగింది. పంపు మార్చేయాలా?
– ఒక సూపర్‌వైజర్, నల్గొండ జిల్లా

జవాబు: పంపుని తిట్టకండి. రాత్రంతా చల్లారిన వీజీ-30 రకం తారు లోపల గట్టిపడిపోయి ఉంటే గేర్లు ఎలా తిరుగుతాయి? ముందు జాకెట్‌లోకి వేడి థర్మిక్ ఆయిల్ వదిలి, పంపుతో పాటు తారు పీల్చే సక్షన్ పైపు, వాల్వులు కూడా 140 డిగ్రీల దాకా బాగా వేడెక్కనిచ్చి, మెయిన్ స్విచ్ ఆపేసి, గ్లౌజులు వేసుకుని కప్లింగ్‌ని చేత్తో తిప్పి చూడండి. సాఫీగా తిరిగితేనే స్టార్ట్ చేయాలి. గ్యాస్ మంట పెట్టి కరిగించే తొందర మాత్రం వద్దు, బాడీ పగులుతుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

ఇక కప్లింగ్ సంగతి. అలైన్‌మెంట్, అంటే మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరసలో ఉన్నాయా అన్నది, చల్లగా ఉన్నప్పుడే చూసి వదిలేసి ఉంటారు, చాలామంది చేసేదదే! వేడికి పంపూ పైపులూ సాగుతాయి కాబట్టి వేడి మీద డయల్ గేజ్ పెట్టి మళ్లీ చూడాలి. పైపుని పంపుకి బిగించే ఫ్లాంజి బోల్టులు వదులు చేయగానే పైపు పక్కకి జరిగిందంటే దాని బరువంతా పంపే మోస్తోందన్నమాట, కింద సపోర్టు పెట్టించండి.