పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఇన్‌పుట్ సంఖ్యో కాదో తేల్చడానికి ఈజ్‌డిజిట్ (isdigit) అనే ఫంక్షన్ సరిపోతుందా?

సరిపోదు, తప్పు రావచ్చనుకున్న కోడ్‌ను ఉంచే ట్రై (try) బ్లాకులో, దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ (float) ఫంక్షన్‌తో మార్చి చూసి, మారకపోతే వచ్చే వాల్యూ ఎర్రర్ (ValueError) అనే తప్పును దాని కింది ఎక్సెప్ట్ (except) భాగంలో పట్టుకోవడమే నమ్మదగిన పద్ధతి. మనం ఏది టైపు చేసినా ఇన్‌పుట్ ఫంక్షన్ దాన్ని స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే ఇస్తుంది. అందులోని ప్రతి అక్షరమూ అంకేనా అన్నదొక్కటే ఈజ్‌డిజిట్ చూస్తుంది. మొత్తం కలిసి ఒక విలువ అవుతుందా అన్నది దానికి పట్టదు.

నెల్లూరు బియ్యం మిల్లు బిల్లింగ్ ప్రోగ్రాంలో బస్తా తూకం 25.5 అని కొట్టారనుకోండి. చుక్క అంకె కాదు కనుక ఈజ్‌డిజిట్ తిరస్కరిస్తుంది, ఫ్లోట్ మాత్రం తీసుకుంటుంది. మైనస్ గుర్తుకూ ఇదే గతి.

అన్నీ అంకెలే ఉంటే అది సంఖ్యే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 524001 అనే నెల్లూరు పిన్‌కోడ్‌ను ఎవరూ కూడరు, తీసివేయరు. దాన్ని స్ట్రింగ్‌గానే ఉంచాలి. ఒక్క జాగ్రత్త: ఇంగ్లీషులో ఎన్, ఏ, ఎన్ (nan, అంటే ‘సంఖ్య కాదు’) అని మూడక్షరాలు కొట్టినా ఫ్లోట్ ఒప్పేసుకుంటుంది. అందుకే తూకం, డబ్బు లెక్కల్లో విలువ మామూలు పరిమిత సంఖ్యేనా అని చూసే, మ్యాథ్ మాడ్యూల్‌లోని ఈజ్‌ఫైనైట్ (isfinite) ఫంక్షన్‌తో కూడా తప్పకుండా సరిచూడండి.