లండన్ సౌత్ బ్యాంక్‌లో మధ్యాహ్న భోజనం: గుడ్డు కూడా తినని నాన్నగారితో ఎక్కడికి వెళ్ళాలి?

మీ ప్రశ్న చదవగానే మా నాన్నే గుర్తొచ్చారు. అమ్మానాన్నలతో, ఎనిమిదేళ్ళ బాబుతో లండన్ వస్తున్నామన్నారు. ఒక సోమవారం, ఒక శనివారం థేమ్స్ ఒడ్డున సౌత్ బ్యాంక్‌లో తిరుగుతామన్నారు. నాన్నగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి, పైగా షుగర్ ఉంది, మధ్యాహ్నం ఎక్కడ తింటే బాగుంటుందని అడిగారు. నేను వాటర్లూ స్టేషన్ దగ్గర ఆఫీసులో నాలుగేళ్ళు పనిచేశాను. అన్నాళ్ళూ నా మధ్యాహ్నం తిండి ఆ చుట్టుపక్కలే. మా అమ్మానాన్నల్ని కూడా రెండుసార్లు అక్కడ తిప్పాను. మొదటిసారి చేసిన పొరపాటు ముందు చెప్తాను, మీకు అన్నిటికంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఆ రోజు పొద్దున లండన్ ఐ, అదే ఒడ్డున ఉండే పెద్ద జెయింట్ వీల్, ఎక్కుదామని వెళ్ళాం. క్యూలో నిలబడి, ఎక్కి, ఫోటోలు తీసుకుని కిందికి దిగేసరికి ఒంటిగంటన్నర దాటింది. నాన్న మాట్లాడడం తగ్గించేశారు. "కాళ్ళు లాగుతున్నాయిరా" అన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. పక్కనే జూబిలీ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చోబెడితే, అమ్మ సంచిలోంచి బిస్కెట్లు, అరటిపండు తీసి తినిపించింది. పావుగంటకి తేరుకున్నారు. ఆ కంగారులో ఎదురుగా ఏది కనిపిస్తే అందులోకి వెళ్ళిపోయాం. నది కనిపించే టేబుల్ దొరికింది. వెజిటబుల్ సూప్ అడిగాం. సగం తాగాక అమ్మకి ఎందుకో అనుమానం వచ్చి, ఒకసారి కనుక్కోమంది. సర్వ్ చేసే అమ్మాయి లోపలికి వెళ్ళి అడిగి వచ్చి, అది చికెన్ స్టాక్‌తో, అంటే కోడి ఉడికించిన నీళ్ళతో, చేశారని చెప్పింది. నాన్న చెంచా తీసి పక్కన పెట్టారు. ఒక్క మాట అనలేదు. ఆ పూట బిల్లు కట్టి బయటికొచ్చాక రాత్రి దాకా పళ్ళు, పాలు తప్ప ఏమీ తీసుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తప్పని నియమం నా తొందరలో తప్పింది. ఆ చెంచా పక్కన పెట్టిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

అందుకే నేను అడిగినవాళ్ళందరికీ చెప్పేది ఒకటే. నది ఒడ్డు కూర్చోవడానికి, తిండి కొనుక్కోవడానికి మాత్రం ఒక వీధి వెనక్కి వెళ్ళండి. పన్నెండింటికల్లా ప్లేటు చేతిలో ఉండేలా చూసుకోండి. ఒంటిగంట కొట్టేసరికి ఆఫీసుల వాళ్ళంతా ఒక్కసారిగా దిగుతారు, ఎక్కడ చూసినా లైనే. పెద్దవాళ్ళని, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళని, ఆ లైన్లో నిలబెట్టకూడదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది మీరు వెళ్ళేది ఏ రోజన్న దాన్ని బట్టి మారిపోతుంది. చాలామంది సోమవారం నేరుగా బరో మార్కెట్ అనే పేరున్న తిండి మార్కెట్‌కి వెళ్ళి మూసిన షట్టర్లు చూసి వస్తారు. బరోకి సోమవారం సెలవు. కాబట్టి మీ సోమవారానికి లోయర్ మార్ష్ వీధి. వాటర్లూ స్టేషన్‌కి నది ఒకవైపు ఉంటే, ఈ వీధి రెండోవైపు ఉంటుంది. లండన్ ఐ దగ్గర్నుంచి నిదానంగా నడిచినా పది, పన్నెండు నిమిషాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం పూట రోడ్డు పొడుగునా తిండి స్టాళ్ళు పెడతారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఉద్యోగులే. రోజూ వచ్చేవాళ్ళని మోసం చేస్తే మర్నాడు రారు కాబట్టి రుచి, ధర రెండూ ఒడ్డు మీదకంటే నయం.

అక్కడ నేను వారానికి రెండుసార్లయినా తిన్నది ఫలాఫెల్ రాప్. నానబెట్టిన శనగలు రుబ్బి, కొత్తిమీర కలిపి నూనెలో వేయిస్తారు. మన మసాలా వడకి దూరపు చుట్టం అనుకోండి. రొట్టె పెనం మీద వేడి చేసి, దాని మీద హమ్మస్ (ఉడికించిన శనగల ముద్ద) పూసి, వేడి వేడి ఫలాఫెల్ నాలుగు వేసి చెంచా వెనక్కి తిప్పి నలిపేస్తారు. కరకరమని శబ్దం వస్తుంది. పైన క్యాబేజీ, పచ్చిమిరప ఊరగాయ, కారం సాస్. "స్పైసీ?" అని అడుగుతారు, మీరు ధైర్యంగా అవునని చెప్పండి, మన నాలుకకి అది మామూలు కారమే. మామూలుగా ఇందులో గుడ్డు ఉండదు. పెరుగు సాస్ వేస్తుంటే మాత్రం అందులో గుడ్డుతో చేసే మయొనైజ్ కలిపారా అని ఒక మాట అడగాలి. ఉడికీ ఉడకని అన్నం, తీపి కూరలు చూసి విసిగిపోయిన మా నాన్న రెండోసారి వచ్చినప్పుడు ఇది తిని, "ఇంకోటి చెప్పరా, సగం సగం చేసుకుందాం" అన్నారు.

ఇక గుడ్డు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. మన దగ్గర వెజ్ అంటే గుడ్డు లేనట్టే. ఇంగ్లండ్‌లో అలా కాదు, వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. శాండ్‌విచ్‌లలో మయొనైజ్, ఫ్రెష్ పాస్తా పిండిలో గుడ్డు, 'పై' అనే కూర నింపి కాల్చిన వంటకం మీద మెరుపు కోసం పూసే గుడ్డు, ఇవన్నీ వాళ్ళ లెక్కలో వెజిటేరియనే. కాబట్టి మీరు వెతకాల్సిన మాట 'వీగన్'. వీగన్ అని రాసి ఉంటే గుడ్డు, చికెన్ స్టాక్, జంతువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీసే జెలటిన్ ఏవీ వేయకూడదు. పాలు, పెరుగు కూడా ఉండవనుకోండి, ఒక పూటకి ఫర్వాలేదు.

చీజ్ విషయంలో ఇంకో మెలిక ఉంది. అసలైన పార్మెజాన్ చీజ్‌లో పాలు గడ్డ కట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది పట్టించుకునే ఇల్లయితే ముందే అడగండి. మా అమ్మకి ఈ సంగతి చెప్పినప్పటి నుంచి పాస్తా మీద చల్లబోతే చెయ్యి అడ్డం పెడుతుంది. చిప్స్ దగ్గర అడగాల్సింది వేరు. చేపలు వేయించిన నూనెలోనే బంగాళాదుంపలు కూడా వేస్తారా అని. చాలాచోట్ల ఒకటే నూనె. అడిగితే నిజమే చెప్తారు, అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

వీగన్ ఏదీ దొరక్కపోతే ఒక దారి ఉంది. ఇక్కడి చట్టం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాలు వంటకంలో ఉన్నాయో లేదో అమ్మేవాళ్ళు అడిగినవాళ్ళకి చెప్పి తీరాలి. గుడ్డు, చేప, పాలు, నువ్వులు, ఆవాలు ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. "అలర్జన్ షీట్ చూపిస్తారా" అంటే ఫైలో, ట్యాబో తెచ్చి చూపిస్తారు. షాపులోనే తయారుచేసి ప్యాక్ చేసిన శాండ్‌విచ్‌ల మీద కూడా 2021 అక్టోబర్ నుంచి పదార్థాలన్నీ రాసి, అలర్జీవి కొట్టొచ్చినట్టు కనపడేలా అచ్చు వేయాలి. అయితే మాంసం ఆ 14లో లేదు. చికెన్ స్టాక్ గురించి మాత్రం నోరు తెరిచి విడిగా అడగాల్సిందే. మా సూప్ కథ అందుకే చెప్పాను.

శనివారం సంగతి. బరో మార్కెట్ శనివారం తెరిచే ఉంటుంది, కానీ మీకు వద్దంటాను. భుజం భుజం రాసుకుంటూ నడవాలి. కూర్చోవడానికి చోటు దొరకదు, బాబు చెయ్యి వదలాలంటే టెన్షన్. బదులుగా రాయల్ ఫెస్టివల్ హాల్ అనే కచేరీల భవనం వెనకాల, బెల్వెడీర్ రోడ్ వైపు సౌత్‌బ్యాంక్ సెంటర్ ఫుడ్ మార్కెట్ ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాల్లో పెడతారు. పన్నెండు లోపు వెళ్తే అన్ని స్టాళ్ళూ తాపీగా చూసుకోవచ్చు. అన్నీ ఒక చుట్టు తిరిగి చూశాకే డబ్బులు తీయండి, మొదట కనిపించిన దాని దగ్గర ఆగొద్దు. ప్లేటు 10 నుంచి 15 పౌండ్ల మధ్య ఉంటుంది. ఒక్కో ప్లేటు ఒకరికి ఎక్కువే, నలుగురికి మూడు సరిపోతాయి.

ఈ మార్కెట్ నాకు నచ్చడానికి అసలు కారణం పక్కనున్న హాలు. 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ కోసం కట్టినది. కచేరీకి టికెట్ కొనాలిగానీ, కింది అంతస్తుల్లో ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఎండ, వాన, చలిగాలి ఏదీ లోపలికి రాదు. బాత్రూములకి డబ్బులు అడగరు. పెద్దవాళ్ళతో తిరిగేవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఒక అద్దాల లిఫ్ట్ ఉంది, బాబుని తప్పకుండా ఎక్కించండి. పైకెళ్తుంటే బృందగానం స్వరం మెట్టు మెట్టుగా పైకి పోతుంది, దిగుతుంటే కిందికి వస్తుంది. సంగీతం నేర్చుకున్న మా అమ్మ ఆ ఆరోహణ, అవరోహణ విని మూడుసార్లు ఎక్కి దిగింది. బయట ఒడ్డు వైపు, పక్క భవనం కింద కుర్రాళ్ళు స్కేట్‌బోర్డుల మీద విన్యాసాలు చేస్తుంటారు, అక్కడ బాబు ఎంతసేపైనా నిలబడతాడు.

బరో మార్కెట్ చూడాలని ఉంటే మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు కుదుర్చుకోండి. పదకొండున్నరకి వెళ్ళండి. రైలు వంతెనల కింద ఉంటుంది, తలమీద రైళ్ళు దడదడలాడుతూ పోతుంటాయి. ఇప్పుడున్న చోట 1756 నుంచి నడుస్తోంది. మన శాకాహారం వండే స్టాళ్ళు కూడా నేను తిన్న రోజుల్లో ఉండేవి. పక్కనే సదర్క్ కేథడ్రల్ ఆవరణ ఉంది, కొనుక్కున్నది అక్కడికి తీసుకెళ్ళి తినేవాళ్ళు చాలామంది. ముందు అమ్మానాన్నల్ని అక్కడ కూర్చోబెట్టి, మీరొక్కరే వెళ్ళి తెండి.

రెస్టారెంట్లో కూర్చుంటే రెండు మాటలు. "స్టిల్ ఆర్ స్పార్క్లింగ్" అని అడుగుతారు, అది సీసా నీళ్ళు, బిల్లులో వేస్తారు. "ట్యాప్ వాటర్" అనండి. మద్యం లైసెన్స్ ఉన్న ప్రతిచోటా అడిగితే ఉచితంగా ఇవ్వాలని నియమం. బిల్లు కింద 12.5 శాతం సర్వీస్ చార్జ్ వేసి ఉండొచ్చు. 'డిస్క్రెషనరీ' అని ఉంటే అది మీ ఇష్టం, తీసేయమంటే తీసేస్తారు. 2024 అక్టోబర్ నుంచి ఆ డబ్బంతా పనిచేసేవాళ్ళకే చేరాలని చట్టం వచ్చింది, అందుకని బాగా చూసుకుంటే నేను కట్టేస్తాను.

మీరు వంటగది ఉన్న చోట దిగుతుంటే మాత్రం, నా మనసులో మాట చెప్తాను. రెండోసారి మా వాళ్ళు వచ్చినప్పుడు ఒక రోజు అమ్మ పొద్దునే అన్నం వండి, పెరుగు కలిపి, స్టీలు డబ్బాలో పెట్టింది. సూపర్ మార్కెట్లలో ప్లెయిన్ నేచురల్ యోగర్ట్ అని దొరుకుతుంది, కొంచెం పాలు కలిపితే మన పెరుగులాగే ఉంటుంది. టేట్ మోడరన్ అనే ఆర్ట్ మ్యూజియం ముందు బెంచీలో కూర్చున్నాం. ఎదురుగా నది, మిలేనియం వంతెన, దాని చివర సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం. అమ్మ డబ్బా మూత తీసి, ఆవకాయ ముక్క ఒక పక్కకి పెట్టి నాన్నకి అందించింది. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు, అక్కడ అందరూ ఇంటి డబ్బానో, శాండ్‌విచ్ పొట్లమో విప్పుకుని తినేవాళ్ళే. తిన్నాక చేతులు కడుక్కోవడానికి మ్యూజియంలోకి వెళ్ళాం, ప్రవేశం ఉచితమే. మీరు ఫెస్టివల్ హాల్ దగ్గర ఉంటే ఓక్సో టవర్ పక్కన బెర్నీ స్పెయిన్ గార్డెన్స్‌లో పచ్చిక ఉంది. అక్కడ ఆఫీసు భవనాలు రాకుండా స్థానికులు ఏళ్ళ తరబడి పోరాడి, 1984లో ఆ స్థలం దక్కించుకున్నారు. ఆ పోరాటంలో ఉన్న ఒకావిడ పేరే ఆ పార్కుకి పెట్టారు. ఒడ్డున గాలి గట్టిగా ఉంటుంది, వేసవి అయినా నాన్నగారికి ఒక శాలువా పెట్టుకోండి. పావురాలకి మెతుకు వేయొద్దు, క్షణంలో గుంపు కట్టేస్తాయి.

నాన్నగారు మందులు ఏ టైముకి వేసుకుంటారో, మీరు ఏ స్టేషన్ దగ్గర దిగుతున్నారో రాయండి. సోమవారం, శనివారం ఎక్కడి నుంచి మొదలుపెట్టి పన్నెండింటికి ఎక్కడికి చేరాలో దాన్ని బట్టి చెప్తాను.