ఓవెన్‌లో చేపకు 40 నిమిషాలు ఎందుకమ్మా?

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, నేను ఇంటికి వచ్చేసరికి ఏడవుతుంది. రోజూ పులుసు, వేపుడు చేసే ఓపిక లేక మొన్న ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నాం. మసాలా లేకుండా సింపుల్‌గా చేప బేక్ చేద్దామని అరకిలో రోహు ముక్కలకు ఉప్పు, అల్లం తెల్లగడ్డ ముద్ద, రెండు నిమ్మకాయల రసం పట్టించి పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాను. సాయంత్రం 40 నిమిషాలు ఓవెన్‌లో ఉంచాను. పైన తోలులా గట్టిపడింది, లోపల పిప్పిపిప్పిగా ఉంది, సగం ట్రేకే అంటుకుపోయింది. ముళ్ళు వస్తున్నాయని పిల్లలు వదిలేశారు. ఓవెన్‌దా లోపం, నాదా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఎవరిదీ కాదు చెల్లెమ్మా. మటన్‌కు చేసే పద్ధతిని చేపకు చేశారు, అంతే. మేక నాలుగు కాళ్ళ మీద తన బరువు తానే మోసుకుంటూ తిరుగుతుంది కాబట్టి దాని కండలో గట్టి పొరలుంటాయి, అవి మెత్తబడాలంటే చాలాసేపు ఉడకాలి. చేప బరువును నీళ్ళే మోస్తాయి, దాని కండలో ఆ పొరలు పల్చగా, కొద్దిగా ఉంటాయి, కాస్త వేడి తగలగానే కరిగిపోతాయి. ఆ తర్వాత ఓవెన్‌లో ఉంచిన ప్రతి నిమిషమూ లోపలి నీటిని పిండేయడమే. అంగుళం మందమున్న ముక్కకు 200 డిగ్రీల వేడిలో 12 నుంచి 14 నిమిషాలు చాలు, అర అంగుళం ముక్కయితే ఏడెనిమిది. మీరు 40 ఉంచారు.

పొద్దున్నుంచి నానబెట్టడం ఇంకో పొరపాటు. నిమ్మరసం పులుపుకు చేప పొయ్యి ఎక్కకముందే పైన తెల్లబడి బిగుసుకుంటుంది. అల్లంలో కండను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది, ముదురు మటన్‌కు అది మేలు చేస్తుంది కానీ చేపను పిండి చేస్తుంది. పైన తోలు, లోపల పిప్పి అన్నారే, ఆ రెండింటికీ ఇవి కూడా కారణం. బేక్ చేసే చేపకు అల్లం వద్దు, నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండుకోండి.

ఇక చేప సంగతి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే, కొంచెం ఎక్కువే చెప్తాను. మన కర్నూల్లో తేలిగ్గా దొరికేవి తుంగభద్రవీ, శ్రీశైలం వెనుక నీళ్ళవీ, చెరువులవీ, అంటే రోహు, బొచ్చె లాంటివి. రుచిలో వాటికి వంక పెట్టను. కానీ వాటి వెన్ను వైపు, తోక వైపు కండ మధ్యలో వై ఆకారంలో సన్నటి ముళ్ళుంటాయి, అవి నడిముల్లుకు అతుక్కుని ఉండవు కాబట్టి నడిముల్లు తీసేసినా అలాగే మిగులుతాయి. పులుసులో అయితే పెద్దవాళ్ళం నిదానంగా ఏరుకుంటూ తింటాం, బేక్ చేసిన ముక్కను చెంచాతో తుంచుకుని తినే పిల్లలకు అది కుదరదు. రోహునే వండాలనుకుంటే పిల్లల వరకు పొట్ట వైపు ముక్కలు పెట్టండి, అక్కడ పెద్ద ముళ్ళే ఉంటాయి, కంటికి కనిపిస్తాయి.

ఇంకొకటి, మంచినీటి చేపల్లో ఒక్కోసారి మట్టి వాసన వస్తుంది. నీటిలోని నాచు, సూక్ష్మజీవులు తయారుచేసే ఒక పదార్థం చేప ఒంట్లోకి చేరడం వల్ల వచ్చే వాసన అది, పులుపు తగిలితే తగ్గిపోతుంది. సుంకేసుల నుంచి బొచ్చె తెస్తే మా అమ్మ చింతపండు పులుసు తప్ప ఇంకోలా వండనిచ్చేది కాదు, కారణం నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. మసాలా, పులుపు లేకుండా తినాలనుకుంటే అసలు ఆ వాసన లేని చేపనే ఎంచుకోవాలి.

నా మాట వింటే పండుగప్ప తీసుకోండి. కండ తెల్లగా ఉంటుంది, ముళ్ళు తక్కువ, లోపల కొంచెం కొవ్వు ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు అటూఇటూ అయినా ఎండిపోదు. మనకు సముద్రం లేదు, అది ఐసులో పెట్టుకుని తీరం వైపు నుంచి రావాల్సిందే, అందుకని కళ్ళు మెరుస్తున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడుతోందా చూసి తీసుకోండి. కొర్రమీను ఇంకా మంచిది, గాలి పీల్చే చేప కాబట్టి కొద్ది నీళ్ళలోనే బతికి ఉంటుంది, ప్రాణంతో ఉన్నదాన్నే కోయించుకోవచ్చు, ధర మాత్రం ఎక్కువ. ఏది కొన్నా తోలు, నడిముల్లు తీసి నిలువు ముక్కలు కోసివ్వమని అడగండి. అడ్డంగా కోసిన పులుసు ముక్కలు దీనికి పనికిరావు.

ఇప్పుడు ఏడింటికి ఇంటికొచ్చారు అనుకుందాం. బట్టలు కూడా మార్చుకోకుండా ముందు ఓవెన్ 200కు పెట్టి, పైరాడ్, కిందిరాడ్ రెండూ ఆన్ చేయండి. అరకిలో ముక్కలకు టీస్పూన్ ఉప్పు రాసి పక్కన పెట్టండి. రెండు ఎర్రగడ్డలు సన్నటి చక్రాల్లా తరిగి, చెంచా నూనె కలిపి ట్రేలో పరిచి, ఓవెన్ వేడెక్కుతున్నప్పుడే లోపల పెట్టేయండి. చేప ఉడికే 12 నిమిషాల్లో ఎర్రగడ్డ ఉడకదు, దానికి ముందుగా ఒక పావుగంట కావాలి. ఆ పావుగంటలో చేప కొంచెం నీళ్ళు వదులుతుంది, శుభ్రమైన గుడ్డతో రెండువైపులా తడి లేకుండా అద్దండి. ఈ అద్దే పని మానకండి, తడి ఉంటే చేప కాలదు, ఉడుకుతుంది.

రెండు చెంచాల గానుగ చెనిక్కాయ నూనెలో అర టీస్పూన్ మిరియాల పొడి, దంచిన తెల్లగడ్డ రెబ్బలు మూడు కలిపి ముక్కలకు రాయండి. ట్రే బయటికి తీసి, మెత్తబడిన ఎర్రగడ్డల మీద ముక్కలు ఒకదానికొకటి తగలకుండా సర్ది, మధ్య అరలో పెట్టండి. కింద ఎర్రగడ్డలు ఉన్నాయి కాబట్టి ట్రేకు అంటుకోదు, చేప రసమంతా వాటికే పడుతుంది, నాకైతే చేపకన్నా అవే ఇష్టం. తలుపు మాటిమాటికీ తెరవకండి, చిన్న ఓటీజీల్లో తెరిచినప్పుడల్లా వేడి చాలా పడిపోతుంది.

పదో నిమిషంలో ఒక్కసారి చూడండి. చాకు మొనను ముక్క మందంగా ఉన్నచోట గుచ్చి తిప్పితే కండ రేకులు రేకులుగా విడిపోవాలి, లోపల గాజులా మెరిసే రంగు పోయి పాలలా తెల్లగా ఉండాలి. వంట థర్మామీటర్ ఉంటే లోపల 63 డిగ్రీలు చాలు. ముక్క మీద తెల్లటి పెరుగు చుక్కల్లాంటివి బాగా పేరుకుంటే వేడి ఎక్కువైందని గుర్తు, వెంటనే తీసేయండి. బయటికి తీశాక మూడు నిమిషాలు వదిలేస్తే మిగిలిన వేడికే పూర్తవుతుంది. అప్పుడు నిమ్మకాయ, కొత్తిమీర. పక్కన కొర్రన్నం, ముద్దపప్పు ఉంటే బాగుంటుంది, జొన్నరొట్టె అయినా సరే.

ఈ శనివారం ఒక్క ముక్కతో చేసి చూడండి, మీ ఓవెన్ లెక్క మీకు తెలిసిపోతుంది. డయల్ మీద 200 అని ఉన్నా లోపల అంతే వేడి ఉంటుందన్న నమ్మకం లేదు, అందుకే నిమిషాల కన్నా చాకు మొననే నమ్మండి.

ప్రశ్న: సూపర్ మార్కెట్‌లో గడ్డకట్టిన బాసా చేప ఫిల్లెట్లు (ముళ్ళు తీసిన ముక్కలు) తెచ్చి బేక్ చేస్తే ట్రే నిండా నీళ్ళొచ్చాయి. ఎందుకు?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: గడ్డ కరగకుండానే ఓవెన్‌లో పెట్టి ఉంటారు. ఆ ముక్కలు ఎండిపోకుండా పైన పల్చటి మంచుపూత వేస్తారు, అది కరిగి ముక్క నీళ్ళలో ఉడికింది. ముందురోజు రాత్రే ప్యాకెట్ కత్తిరించి, ముక్కలు గిన్నెలో వేసి, ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి మార్చండి. బయట వంటగట్టు మీద వదిలేయకండి, అనంతపురం ఎండలకు పైన పాడవడం మొదలైనా లోపల గడ్డగానే ఉంటుంది. వండే ముందు గుడ్డలో చుట్టి మెల్లగా ఒత్తండి, మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ నీళ్ళు వస్తాయి. బాసాకు సొంత రుచి తక్కువ, మిరియాలు, తెల్లగడ్డ ఇంకొంచెం పెంచండి.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదండీ. ఈ చేప ఎలా చేయాలి?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: పులివెందుల అరటి తోటలున్న జిల్లాలో ఉండి ఓవెన్ లేదని ఎందుకమ్మా బెంగ? అరటాకును మంట మీద అటూఇటూ చూపిస్తే చిరగకుండా మెత్తబడుతుంది. ఉప్పు, మిరియాలు, నూనె రాసిన ముక్కను అందులో పొట్లం కట్టి, మందపాటి పెనం మీద పెట్టి, మూతేసి, సన్నమంట కన్నా కొంచెం పెద్ద మంట మీద ఒక్కోవైపు ఐదారు నిమిషాలు ఉంచండి. కచ్చితంగా చెప్పాలంటే ఇది బేకింగ్ కాదు, సొంత ఆవిరిలో మగ్గడం. పైన ఎర్రగా కాలదు గానీ మెత్తదనానికి లోటుండదు. పొట్లం విప్పేది మాత్రం కంచంలోనే, ఆ రసం కింద పోకూడదు.