పాట ఆఖరి మాటకు విమానం ఎలా అందుకుంటుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్టేడియాల మీదుగా దూసుకెళ్లే సైనిక విమానాల గురించే. అమెరికాలో దీన్ని ఫ్లైఓవర్ అంటారు. ఆ మాట వింటే మనకు ట్రాఫిక్ వంతెన గుర్తొస్తుంది కాబట్టి, మన వాయుసేన వాడే ‘ఫ్లైపాస్ట్’నే ఇక్కడ వాడుతున్నాం.

ప్రశ్న: అమెరికాలో మ్యాచ్‌కు ముందు జాతీయగీతం ఆఖరి మాట పలికేసరికి విమానాలు సరిగ్గా నెత్తిమీద ఉంటాయి. ఇదెలా సాధ్యం?

జవాబు: స్టేడియంలో ఒక మనిషి, చేతిలో రేడియో, స్టాప్‌వాచ్. కిటుకంతా అక్కడే ఉంది. ఆ మనిషి సాధారణంగా అదే దళానికి చెందిన పైలట్ అయివుంటాడు. రిహార్సల్లో గాయకుడు పాటకు ఎంతసేపు తీసుకున్నాడో, ఏ చరణం ఎన్నో సెకనుకు వచ్చిందో రాసి పెట్టుకుంటాడు. విమానాలు కొన్ని కిలోమీటర్ల అవతల, రన్నింగ్ ట్రాక్ ఆకారంలో చక్కర్లు కొడుతూ ఉంటాయి.

లెక్క ఇలా ఉంటుంది. గంటకు 540 కి.మీ. వేగమంటే నిమిషానికి 9 కి.మీ., సెకనుకు 150 మీటర్లు. పాట 2 నిమిషాలనుకుంటే, మొదలయ్యేసరికి విమానాలు 18 కి.మీ. దూరంలో ఉండి స్టేడియం వైపు తిరిగి ఉండాలి. పాట 10 సెకన్లు ముందే అయిపోయేలా ఉందని అప్పుడే తెలిస్తే, వేగం 590కి పెంచితే సరిపోతుంది. అదే సంగతి 9 కి.మీ. దగ్గర తెలిస్తే 650కి పెంచాలి. అందుకే కింద ఉన్నవాడు మొదటి చరణం అవగానే తేడా చెప్పేస్తాడు.

గాయకుడు రాగం తీస్తే ఇంకా చిక్కు. వేగం ఒక్కసారిగా తగ్గిస్తే పక్క విమానాలు నాయకుడిని దాటి ముందుకొచ్చేస్తాయి, వరుస చెదిరిపోతుంది. అందుకని దారి పొడిగిస్తారు: దూరంగా ఉన్నప్పుడే కాస్త వంకరగా తిరిగి సెకన్లు ఖర్చు పెడతారు. ఆఖరి నిమిషంలో ఆ వెసులుబాటు ఉండదు. పెద్ద స్వరాన్ని గాయకుడు ఉన్నట్టుండి సాగదీస్తే, విమానాలు పాట మధ్యలోనే వెళ్లిపోతాయి. అది పైలట్ తప్పు కాదు.

ప్రశ్న: మోత వినబడి తల ఎత్తేసరికి విమానం ముందుకెళ్లిపోయి ఉంటుంది. ఎందుకు?

జవాబు: 300 మీటర్ల ఎత్తు నుంచి శబ్దం కిందికి రావడానికి సుమారు 0.9 సెకను పడుతుంది. ఈలోగా విమానం దాదాపు 135 మీటర్లు కదులుతుంది. ఫోటో తీయాలంటే చెవిని నమ్మకండి, విమానాలు వచ్చే దిక్కు ముందే కనుక్కోండి.

ప్రశ్న: ఇంత ఖర్చు జట్లు భరిస్తాయా?

జవాబు: ఖర్చు సైన్యానిదే. అమెరికాలో సైన్యం చెప్పే మాట, ఈ ఎగిరే గంటలు పైలట్లు ఎలాగూ ఎగరాల్సిన శిక్షణ గంటల్లోనివేనని. అందులో నిజం ఉంది. చెప్పిన సెకనుకు చెప్పిన చోటికి చేరడం యుద్ధంలోనూ కావలసిన విద్యే. కానీ ప్రచారం కోసం కాదంటే మాత్రం నమ్మడం కష్టం. 2011 సూపర్ బౌల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియం పైకప్పు మూసి ఉండగా దానిమీదుగా నౌకాదళం ఎఫ్-18 యుద్ధవిమానాలు వెళ్లాయి. లోపలున్నవాళ్లు చూసింది తెరమీదే!

ప్రశ్న: 2023 ప్రపంచకప్ ఫైనల్‌కు అహ్మదాబాద్‌లో మన వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ విమానాలు వచ్చాయి కదా. ఇలాంటి జట్లు వదిలే పొగ ఏమిటి? రంగులెలా వస్తాయి?

జవాబు: మామూలుగా అది డీజిల్. ఇంజిన్ వెనక నుంచి వచ్చే వేడి వాయువులోకి గొట్టంతో చిమ్ముతారు. అది ఆవిరై, బయటి చల్లగాలిలో సన్నటి బిందువులుగా మారి తెల్లగా కనిపిస్తుంది. రంగు కావాలంటే డీజిల్లో రంగు కలిపి వేరే ట్యాంకులో ఉంచుతారు. నిల్వ తక్కువే: బ్రిటన్ వాయుసేన విన్యాసాల జట్టు రెడ్ ఆరోస్ విమానం ఒక్కోదానిలో తెలుపు 5 నిమిషాలకు, ఎరుపు, నీలం చెరో నిమిషానికి సరిపోతాయి. అందుకే పైలట్లు పొగ స్విచ్ పొదుపుగా వాడతారు. వేడి చాలకపోతే డీజిల్ సరిగా ఆవిరికాదు, చార పలచబడుతుంది.

ప్రశ్న: ఆ సమయంలో స్టేడియం మీద డ్రోన్ ఎగరేయవచ్చా?

జవాబు: కుదరదు. అమెరికాలో 30,000 మంది, అంతకు మించి పట్టే స్టేడియాల్లో పెద్ద లీగ్‌ల మ్యాచ్ జరుగుతుంటే, చుట్టూ సుమారు 5.5 కి.మీ., పైకి 3,000 అడుగుల వరకు గగనతలం మూసేస్తారు. ఆటకు గంట ముందు నుంచి, ముగిశాక గంట వరకు. ఫ్లైపాస్ట్‌కు కూడా అనుమతి తీసుకోవాల్సిందే. అనుమతి ఒక్కటే చాలదు, చుట్టుపక్కల వాళ్లకు కబురూ అందాలి. 2022 ఏప్రిల్‌లో వాషింగ్టన్ బేస్‌బాల్ స్టేడియంలో దిగే పారాచూట్ సైనికుల విమానం గురించి అమెరికా పార్లమెంటుకు కాపలా కాసే కాపిటల్ పోలీసులకు ముందుగా సమాచారం వెళ్లలేదు. దాంతో వాళ్లు పార్లమెంటు భవనాన్నే ఖాళీ చేయించారు.