సంగీత సందేహాలు: గిటారు మీద స్కేళ్ల సాధన

గిటారు కొత్తగా నేర్చుకుంటున్న పాఠకులు పంపిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కేళ్ల (స్వరాల వరుసల) గురించే ఉన్నందువల్ల, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: గిటారు క్లాసులో చేరి మూడు నెలలైంది. సి, జి, ఏ మైనర్ వంటి కార్డ్స్ పట్టుకోగలుగుతున్నాను. స్కేళ్లు మొదలుపెడదామని చూస్తే పన్నెండు మేజర్, పన్నెండు మైనర్, ఒక్కొక్కదానికి అయిదేసి పొజిషన్లు అని తెలిసి దిగులు పట్టుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: ఒకే కొలతను వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి రాయడం వల్లనే ఆ పట్టిక అంత పెద్దదిగా కనిపిస్తోంది. గిటారు మీద ఒక ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీల మధ్య గడి) నుంచి పక్క ఫ్రెట్‌కు జరిగితే స్వరం ఒక సెమిటోన్ పెరుగుతుంది. అలా 12 ఫ్రెట్లు దాటేసరికి తీగ పొడవు సగమై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఆ పన్నెండింటిలో 2, 2, 1, 2, 2, 2, 1 చొప్పున జరుగుతూ పైకి వెళ్లడమే మేజర్ స్కేలు. దీన్ని ముందు ఒకే తీగ మీద చూడండి. అన్నిటికంటే సన్నని తీగను ఒకటిగా లెక్కపెడితే, రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో సి ఉంటుంది. అక్కడి నుంచి 3, 5, 6, 8, 10, 12, 13 ఫ్రెట్లను వరుసగా నొక్కితే సి మేజర్ పూర్తవుతుంది. వాయించడానికి ఇది సౌకర్యమైన పద్ధతి కాకపోయినా, ఎక్కడ రెండు ఫ్రెట్లు, ఎక్కడ ఒక్కటే జరగాలో కంటికి ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఆ తరువాత మెడ మొదట్లోనే అదే స్కేలు వాయించండి. అయిదో తీగ మూడో ఫ్రెట్ దగ్గర ప్రారంభించి, నాలుగో తీగను ఖాళీగానూ (ఏ ఫ్రెట్‌నూ నొక్కకుండా), రెండు, మూడు ఫ్రెట్లలోనూ, మూడో తీగను ఖాళీగానూ, రెండో ఫ్రెట్‌లోనూ, చివరగా రెండో తీగను ఖాళీగానూ, మొదటి ఫ్రెట్‌లోనూ మీటాలి. మొదటి ఫ్రెట్‌కు చూపుడు వేలు, రెండోదానికి మధ్య వేలు, మూడోదానికి ఉంగరపు వేలు అని కేటాయించుకుని, ఆ నియమాన్ని తప్పకండి. వేలిని ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనుక వైపున ఉంచితే తక్కువ ఒత్తిడితోనే స్వరం శుభ్రంగా వస్తుంది. రెండు ఫ్రెట్ల నడుమ నొక్కితే బలం ఎక్కువ కావాలి, తీగ జీరగా మోగే అవకాశమూ ఉంది.

నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మే విషయం ఒకటుంది. వాయించే ప్రతి స్వరాన్నీ నోటితో పాడండి. సరిగమలతో పాడినా, సి డి ఇ అంటూ పాడినా ఫరవాలేదు. గొంతు బాగా లేదని మానేయవద్దు. పాడకుండా సాధన చేసినవారికి వేళ్ల దారి మాత్రమే గుర్తుంటుంది, తరువాతి స్వరం ఎలా వినిపించబోతోందో ముందుగా తెలియదు. ఎనిమిది స్వరాలూ పైకీ కిందికీ తడబడకుండా వచ్చాక, మధ్యలో ఏదో ఒక స్వరం దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి రండి. ఇది కుదిరితేనే స్కేలు మీకు వచ్చినట్టు లెక్క. అప్పుడు జి మేజర్‌ను ఖాళీ తీగలు లేకుండా నేర్చుకోండి: ఆరో తీగ మీద 3, 5 ఫ్రెట్లు, అయిదో తీగ మీద 2, 3, 5, నాలుగో తీగ మీద 2, 4, 5. ఈ అమరికను రెండు ఫ్రెట్లు పైకి జరిపితే ఏ మేజర్, మరో రెండు జరిపితే బి మేజర్ అవుతుంది. మీరు చూసిన పన్నెండు మేజర్ స్కేళ్లూ ఈ ఒక్క అమరికలోనే ఉన్నాయి.

ప్రశ్న: చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు మా అబ్బాయి గిటారు తీసుకుని సాధన చేయాలనుకుంటున్నాను. సరళీ స్వరాలు గిటారు మీద వాయించవచ్చా? లేక పాశ్చాత్య స్కేళ్లతోనే మొదలుపెట్టాలా?
— గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: నిస్సంకోచంగా వాయించండి అమ్మా. స్వరజ్ఞానం ఉన్న మీరు కొత్త విద్యార్థిలా స్వరాలను వెతుక్కోవలసిన పని లేదు. సి మేజర్ స్వరస్థానాలు మన 29వ మేళకర్త (మూల రాగం) శంకరాభరణానివే. మీరు సరళీ స్వరాలు నేర్చుకున్న మాయామాళవగౌళ అయితే గిటారు మీద ఇంకా సులువుగా అమరుతుంది: అయిదో తీగ 3, 4 ఫ్రెట్లలో స, రి, నాలుగో తీగ 2, 3 ఫ్రెట్లలో గ, మ, మూడో తీగ ఖాళీగా ప, మొదటి ఫ్రెట్‌లో ద, రెండో తీగ ఖాళీగా ని, మొదటి ఫ్రెట్‌లో పై షడ్జమం (స). ఒక్కో తీగకు రెండేసి స్వరాల చొప్పున వస్తాయి కాబట్టి చేతికి ఎక్కడా శ్రమ ఉండదు. సరళీ స్వరాల తరువాత జంట స్వరాలు, అలంకారాలు కూడా ఇక్కడే వాయించవచ్చు. వరుసగా పైకీ కిందికీ వెళ్లిరావడం కంటే ఈ అభ్యాసాలే వేళ్లకు ఎక్కువ మేలు చేస్తాయని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ స్వరం నుంచి ఏ స్వరానికైనా వెళ్లే అలవాటు వీటిలో ముందే ఇమిడి ఉంది.

సి అంటే ఒకటి శ్రుతి. అది మీ గొంతుకు బాగా తక్కువ కావచ్చు. ఏడో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) బిగిస్తే, కేపో నుంచి లెక్కపెట్టిన అవే స్థానాలు జి, అంటే అయిదు శ్రుతి అవుతాయి. గమకాల కోసం, అంటే స్వరాలను ఊపుతూ, జారుస్తూ పలికించడం కోసం మాత్రం తొందరపడవద్దు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కర్ణాటక రాగాలను గమకాలతో పలికించారు కనుక అది ఫ్రెట్లున్న వాద్యానికి అసాధ్యమేమీ కాదు. కానీ జారుగా వేలిని నడపడానికీ, తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచడానికీ ముందు ప్రతి స్వరమూ దాని స్థానంలో నిలకడగా పలకాలి.

ప్రశ్న: స్కేలు వాయిస్తూ మూడో తీగ నుంచి రెండో తీగకు వెళ్లినప్పుడల్లా అమరిక ఒక ఫ్రెట్ పక్కకు జరుగుతోంది. దీనికి కారణమేమిటి?
— ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: గిటారులో పక్కపక్క తీగల మధ్య అయిదు సెమిటోన్ల దూరం ఉంటుంది, ఒక్క మూడు, రెండు తీగల మధ్య మాత్రం నాలుగే. అందుకే మూడో తీగ నాలుగో ఫ్రెట్‌లోని స్వరమూ, ఖాళీగా మీటిన రెండో తీగా ఒకటే. అన్నిటి మధ్యా అయిదేసి ఉంచితే చివరి తీగ ఇ బదులు ఎఫ్ అవుతుంది, ఇప్పుడు మనం తేలిగ్గా పట్టుకుంటున్న చాలా కార్డ్స్ కష్టమైపోతాయి.

ప్రశ్న: నెమ్మదిగా వాయిస్తే స్కేలు బాగానే వస్తోంది, వేగం పెంచగానే వేళ్లు చిక్కుపడుతున్నాయి. వారమంతా ఉద్యోగం వల్ల తీరిక లేక ఆదివారం రెండు మూడు గంటలు సాధన చేస్తున్నాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ముందుగా ఆ ఆదివారపు సాధనను విడగొట్టి, రోజుకు ఇరవై నిమిషాలుగా మార్చుకోండి. వేళ్లకు అలవాటు రోజూ చేసే పని వల్లనే పడుతుంది. రెండో గంటలో అలసిన చేయి తప్పులను కూడా అలవాటు చేసుకుంటుంది. మెట్రోనోమ్‌ను (లయకు దెబ్బలు కొట్టే పరికరాన్ని) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకు ఒక స్వరం చొప్పున వాయించండి. అది నిలకడగా వచ్చాక వేగం అలాగే ఉంచి దెబ్బకు రెండు, ఆపైన నాలుగు స్వరాలు వాయించండి. మన సంగీత పాఠాల్లో మూడు కాలాలు పాడించే పద్ధతి ఇదే. ఒకటి నుంచి రెండుకు వెళ్లడం కష్టమైతే దెబ్బలను నాలుగు చొప్పున పెంచుకుంటూ రావచ్చు.

చిక్కుపడేది స్కేలు మొత్తంలో కాదు, సాధారణంగా ఒక తీగ నుంచి మరో తీగకు మారే చోట. ఆ చోటు ఏదో గుర్తించి, అక్కడి రెండు స్వరాలనే పదేపదే వాయించండి. పిక్ (తీగలను మీటే బిళ్ల) పట్టిన చేతిని కూడా గమనించండి: ఒక దెబ్బ కిందికి, తరువాతిది పైకి అనే క్రమం తీగ మారినప్పుడు తప్పుతోందేమో చూడండి. ఎడమ చేతి వేళ్లను స్వరం పలికాక పైకి ఎగరేయకుండా, తీగకు దగ్గరలోనే ఉంచాలి. మణికట్టు నొప్పిగా ఉంటే మాత్రం ఆ రోజుకు ఆపేయండి, ఓర్చుకుని వాయించడం మంచిది కాదు.

ప్రశ్న: అయిదో ఫ్రెట్ దగ్గర ఏ మైనర్ పెంటటోనిక్ స్కేలు బాగా వచ్చింది. కానీ సొంతంగా ఏమైనా వాయించబోతే స్కేలు అప్పజెప్పినట్టే ఉంటోంది, రాగంలా వినిపించడం లేదు.
— ఇంటర్మీడియట్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీరు వాయిస్తున్న అయిదు స్వరాల్లో షడ్జమం ఏదో మీ చెవికి ఇంకా తెలియలేదని అనుకుంటున్నాను. ఆ అమరికలో ‘ఏ’ (A) స్వరం ఆరో తీగ అయిదో ఫ్రెట్‌లో, నాలుగో తీగ ఏడో ఫ్రెట్‌లో, మొదటి తీగ అయిదో ఫ్రెట్‌లో ఉంది. ఫోనులో తంబురా యాప్‌ను ‘ఏ’ (A) శ్రుతిలో పెట్టుకుని, ఏ పలుకు ఎటు తిరిగినా ఈ మూడింటిలో ఒకదాని మీద ఆగేలా వాయించండి. శుద్ధ ధన్యాసి స్వరాలు వినిపిస్తాయి. తరువాత తంబురాను సి శ్రుతికి మార్చి, వేళ్ల స్థానాలు ఏవీ మార్చకుండా, ఆరో తీగ ఎనిమిదో ఫ్రెట్‌లోనో, మూడో తీగ అయిదో ఫ్రెట్‌లోనో, మొదటి తీగ ఎనిమిదో ఫ్రెట్‌లోనో ఆగండి. అవే అయిదు స్వరాలు మోహన స్వరాలుగా మారిపోతాయి. మన గ్రహభేదమంటే ఇదే.

ఆ తేడా చెవికి పట్టాక, అయిదు స్వరాలనూ ఒకేసారి వాడకుండా మూడింటిని మాత్రమే తీసుకోండి. ముందు ఒక చిన్న పలుకును నోటితో పాడి, దాన్ని గిటారు మీద వెతికి వాయించి, అంతే సేపు మౌనంగా ఉండి, దానికి జవాబుగా మరొక పలుకు పాడండి. నోటికి రానిదాన్ని కొన్నాళ్లపాటు వేళ్లతో కూడా వాయించవద్దు.