చూశారా అని కాదమ్మా, ఏం రాశారో చూడు

అమ్మా,

నీ మెసేజ్ నిన్న రాత్రే చదివాను, ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. ఎనిమిదో తరగతి లెక్కల్ని ఇకనుంచి వెబ్ పాఠాలతో కలిపి చెప్పమన్నారని, దీనివల్ల పిల్లల మార్కులు నిజంగా పెరుగుతాయా అని అడిగావు. పెరుగుతాయి. పాఠం స్క్రీన్ మీదికి వెళ్లినంత మాత్రాన పెరగవు, పిల్లవాడు తన చేత్తో రాసి, తప్పు చేసి, ఆ తప్పు ఎక్కడుందో అప్పటికప్పుడే తెలుసుకుని మళ్లీ రాస్తే పెరుగుతాయి. ఆ పనికి వెబ్ చాలా సాయం చేస్తుంది. అది జరగని చోట ఎంత మంచి వీడియో పెట్టినా చూడటంతోనే సరిపోతుంది.

వెబ్ పాఠాలు మొదలుపెట్టిన మొదటి ఏడాది నేను ఇక్కడే దెబ్బతిన్నాను. ప్రతి సోమవారం ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో రిపోర్టు వచ్చేది, దాన్నే నమ్ముకున్నాను. ఒక అబ్బాయి భిన్నాల వీడియో మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చూశాడు, క్లాసులో అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా. సాయంత్రం వాణ్ణి టేబుల్ దగ్గరికి పిలిచి, ఒక కాగితం ఇచ్చి, 1/2 + 1/3 ఎంతో రాయమన్నాను. ఏమాత్రం తడుముకోకుండా 2/5 అని రాశాడు. పైవి పైవి కలిపాడు, కిందవి కిందవి కలిపాడు. తప్పని చెప్పకుండా, "2/5 అర కంటే పెద్దదా, చిన్నదా?" అని అడిగాను. ఒక గీత గీసుకుని, ఐదు భాగాలు చేసి, రెండు లెక్కపెట్టుకుని "చిన్నదే సార్" అన్నాడు. "మరి అరకి ఇంకొంచెం కలిపితే అర కంటే తగ్గిపోయిందేంటి?" అన్నాను. చాలాసేపు ఆ కాగితం వైపే చూసి, "వీడియోలో చేస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంది సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. వాడు అబద్ధం ఆడలేదు, బద్ధకించలేదు, ఎవరో సాఫీగా చేస్తుంటే చూడటాన్ని తనకి రావడం అనుకున్నాడు, అంతే.

ఇది వాడొక్కడి సంగతి కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి పక్కనపెట్టి గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. అందుకే పాఠం అయిన వెంటనే వచ్చే క్విజ్ మార్కులు చూసి సంతోషపడకు, అవే లెక్కల్ని అంకెలు మార్చి వారం తర్వాత మళ్లీ ఇచ్చి చూడు.

వీడియోలు చిన్నవి పెట్టు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో రాసిన పేపర్ ఒకటుంది, వీడియో ఎంత పొడవున్నా చూసేవాళ్లు నిలబడేది ఆరు నిమిషాలలోపేనని అందులో తేలింది. ఇష్టపడి చేరినవాళ్ల సంగతే అలా ఉంటే మన పిల్లల నుంచి నలభై నిమిషాలు ఎలా ఆశిస్తాం? నాలుగైదు నిమిషాలు చూపించు, ఆపు, నోట్‌బుక్‌లో ఒక లెక్క చేయించు, తర్వాతే ముందుకి వెళ్లు. నోట్‌బుక్ మాత్రం మానిపించకు. స్క్రీన్ మీద ఆప్షన్లు కనిపిస్తే పిల్లలు ఆకుపచ్చ రంగు వచ్చేదాకా ఒక్కోటీ నొక్కుకుంటూ పోతారు, రిపోర్టులో మాత్రం అన్నీ పూర్తయినట్టే ఉంటుంది. ఒక్కో ప్రశ్నకి ఎన్ని సెకన్లు పట్టిందో చూడు, మూడు నాలుగు సెకన్లలో జవాబు వచ్చిందంటే అక్కడ లెక్క చేయలేదనే అర్థం.

ఇక అసలు బలం హోంవర్క్‌లో ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 43 బడుల్లో ఏడో తరగతి పిల్లల లెక్కల హోంవర్క్‌ని ఆన్‌లైన్‌లో చేయించి చూశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. తప్పు చేస్తే అప్పుడే తెలుస్తుంది, చిన్న సూచన దొరుకుతుంది, ఎక్కువమంది ఎక్కడ తప్పారో టీచర్‌కి రిపోర్టు అందుతుంది. ఏడాది చివర పరీక్షల్లో ఆ పిల్లలు మామూలు హోంవర్క్ చేసినవాళ్ల కంటే మెరుగ్గా చేశారు. ఆ రిపోర్టుతో నువ్వేం చేస్తావన్నదే ముఖ్యం. 0.45, 0.5లలో ఏది పెద్దదంటే క్లాసులో సగం మంది 0.45 అన్నారనుకో, వాళ్లు 45ని, 5ని పోలుస్తున్నారన్నమాట. మర్నాడు పొద్దున పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టు, అనుకున్న పాఠం ఒకరోజు వెనకబడినా ఫర్వాలేదు.

ఎనిమిదో తరగతిలో ఉన్నంత మాత్రాన అందరిదీ ఎనిమిదో తరగతి స్థాయి కాదని నీకు నేను చెప్పక్కర్లేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల ప్రోగ్రామ్ మీద 2019లో అచ్చయిన అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకున్నారని తేలింది. ఆ ప్రోగ్రామ్ ఒక్కో పిల్లవాడికి వాడున్న చోటునుంచి లెక్కలిచ్చింది, నాలుగున్నర నెలల్లోనే మంచి తేడా కనిపించింది. నలభై మందితో నువ్వొక్కదానివి రోజూ చేయలేని పని అది, కాబట్టి వెనకబడిన పిల్లలకి ముందు కింది తరగతి లెక్కలు తెరిచిపెట్టు. సిగ్గుపడతారేమో, ఆ సంగతి క్లాసులో బయటికి చెప్పకు.

పిల్లల చేతికి మెషీన్ ఇచ్చేస్తే వాళ్లే నేర్చుకుంటారన్న మాట మాత్రం నమ్మకు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకి ల్యాప్‌టాప్‌లు పంచి, 319 బడుల్లో పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చారు, లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు పెరగలేదు. ఇంటికి వదిలేసినా అంతే. 2020లో నెదర్లాండ్స్‌లో బడులు ఎనిమిది వారాలు మూసేశారు, ఇంటర్నెట్ బాగా అందుబాటులో ఉన్న దేశమే అయినా ప్రాథమిక తరగతుల పిల్లలు ఆ వారాల్లో నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదు, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్లలో నష్టం ఇంకా ఎక్కువ. నా క్లాసులో ఒక అమ్మాయి వారాల తరబడి హోంవర్క్ రాత్రి పదకొండు దాటాకే పంపేది. తిట్టబోయి ఆగి అడిగాను. ఇంట్లో ఒకటే ఫోన్, అన్నయ్యలిద్దరూ వాడటం అయ్యాక తన వంతు వచ్చేదట. ముందే అడగనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు మొదటి రోజే ఎవరికి ఫోన్ ఉంది, ఎన్నింటికి దొరుకుతుంది అని ఒక్కొక్కర్నీ విడిగా అడుగు, దొరకని వాళ్లకి బడి టైమ్‌లోనే అరగంట కేటాయించు.

మార్కులు పెరిగాయో లేదో యాప్‌ని అడగకు. మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక పరీక్ష పెట్టు, పాఠం అయ్యాక ఒకటి, నెల ఆగి ఇంకొకటి. పెరిగితే ఎందుకు పెరిగాయో కూడా ఆలోచించు. అమెరికా విద్యాశాఖ 2010లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, ఆన్‌లైన్‌నీ క్లాసునీ కలిపి చెప్పిన చోట ఫలితాలు మెరుగ్గా కనిపించాయి, కానీ ఆ పిల్లలకి చదివే టైమ్ కూడా ఎక్కువ దొరికిందని, బడి పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చాలా తక్కువని వాళ్లే రాశారు. నీ దగ్గరా వారానికి రెండు గంటలు అదనంగా చదివి ఉంటే, ఆ రెండు గంటల గొప్పదనం ఎంతో విడిగా చూసుకో.

మొదటి వారం రిపోర్టు రాగానే పిల్లల పేర్లు తీసేసి నాకు పంపు. ఎక్కువమంది తప్పిన లెక్క ఒక్కటి చాలు, వాళ్లు నోట్‌బుక్‌లో చేసిన లెక్కని ఫోటో తీసి దాంతోపాటే పెట్టు. ఆదివారం ఫోన్ చేస్తాను, కూర్చుని చూద్దాం.